క్యూ మీద కోపం, కుడుము మీద నింద

డిన్ తై ఫుంగ్ హోటలు ముందు, షావ్‌లాంగ్‌బావ్ అనే సూప్ కుడుముల కోసం గంటసేపు నిలబడే జనాన్ని చూసి నవ్వడం ఈమధ్య రుచి తెలిసినవాళ్ల లక్షణంగా చలామణీ అవుతోంది. ఆ నవ్వు వెనక మాటలు తయారుగా ఉంటాయి. మోమోకి పట్టుబట్ట కడితే అదేనట. లోపల సూప్ ఉండడం ఏదో గారడీయట. 18 మడతలు ఫొటోల కోసమట. వీటన్నిటినీ మించి, అసలైన షావ్‌లాంగ్‌బావ్ షాంఘై సందుల్లోనే దొరుకుతుందట, మాల్‌లో అద్దాల వంటగది పక్కన కూర్చుని తినేది దాని నకలట. సియాటిల్ పక్కన బెల్‌వ్యూలోనూ, కాలిఫోర్నియాలో శాంటా క్లారాలోనూ ఈ హోటలుకి శాఖలున్నాయి. ఆ రెండు ఊళ్లలోనూ మనవాళ్లు దండిగా ఉన్నారు. కాబట్టి ఈ మాటలన్నీ ఇప్పుడు చక్కటి తెలుగులో కూడా వినిపిస్తున్నాయి. క్యూలో నిలబడ్డవాళ్లు కుడుమిస్తే పండగ అనుకునే బాపతు, నిలబడనివాళ్లు వివేకవంతులు అని తీర్మానం కూడా జరిగిపోయింది.

ఆ తీర్మానంలో నిలిచే ముక్క ఒక్కటీ లేదు. ఈ హోటలు మీద చేయదగిన ఆరోపణలు లేకపోలేదు. కానీ జనం చేస్తున్నవి అవి కావు.

ముందు ఆ 'అసలు' సంగతి చూద్దాం. మిగతా ఆరోపణలన్నీ దాని చేతికింద పనిచేసేవే.

షావ్‌లాంగ్‌బావ్ పుట్టుక గురించి షాంఘైలో చెప్పుకునే కథ నాన్‌షియాంగ్ అనే ఊళ్లో మొదలవుతుంది. నగరానికి వాయవ్యాన, జియాడింగ్ ప్రాంతంలో కాలవల పక్కన ఉన్న పాత ఊరు అది. అక్కడ గుయీ ఉద్యానం అని మింగ్ రాజుల కాలంనాటి తోట ఒకటుంది. 1871 ప్రాంతంలో హువాంగ్ మింగ్‌షియాన్ అనే తినుబండారాల దుకాణదారు ఆ తోట చూడవచ్చేవాళ్లకు మాంసం కూరిన పెద్ద పెద్ద ఆవిరి బన్నులు అమ్మేవాడు. పక్క దుకాణాలవాళ్లు చూసి చేయడం మొదలుపెట్టారు. వాళ్ల చేతకానిది చేయాలన్న పంతంతో ఇతను పరిమాణం తగ్గించాడు, పొర పల్చన చేశాడు, లోపలి రసం పెంచాడు. 1900 నాటికి ఆ పద్ధతి షాంఘై పాతబస్తీకి చేరి, యుయువాన్ తోట పక్కన, తొమ్మిది మలుపుల వంతెన దగ్గర దుకాణం పెట్టుకుంది. నగరదేవత గుడికి వచ్చే భక్తులు, తోటలో షికారుకు వచ్చే పెద్దమనుషులు, ఊరు చూడవచ్చిన పరగణాల జనం, వీళ్లే ఆ దుకాణానికి బేరం.

ఈ కథలో చరిత్ర పాలెంత, ఊరి గొప్ప పాలెంత అని తర్కించేవాళ్లు తర్కించుకోవచ్చు. ఒక్కటి మాత్రం దాచినా దాగదు. ఈ వంటకం ఏ అమ్మమ్మ పొయ్యి మీదో పుట్టి తర్వాత వ్యాపారుల చేతిలో పడి చెడిపోయింది కాదు. పుట్టడమే అంగట్లో పుట్టింది. పోటీ దుకాణాన్ని దెబ్బతీయడానికి పుట్టింది. షికారుకు వచ్చినవాడి జేబు కోసం పుట్టింది. దాన్ని చేసే పద్ధతి చూసినా అదే తెలుస్తుంది. పంది చర్మాన్ని గంటల తరబడి ఉడికించి, వడకట్టి, చల్లార్చి గడ్డ కట్టించాలి. ఆ గడ్డను సన్నగా తరిగి మాంసంలో కలపాలి. పిండి పిసికి, నాననిచ్చి, ఒక్కొక్క ఉండనూ అప్పచ్చిలా ఒత్తి, కూరి, మడిచి, అప్పటికప్పుడు ఆవిరి పట్టాలి. ఇంట్లో నలుగురికోసం ఇంత తతంగం ఎవరు పెట్టుకుంటారు? షాంఘై ఇళ్లలో ఆదివారంపూట కూర్చుని చుట్టుకునేవి వొంటాన్లు. షావ్‌లాంగ్‌బావ్ తినాలనుకుంటే చెప్పులేసుకుని బయటికి వెళ్తారు. 'వ్యాపారం చేసి దీన్ని పాడుచేశారు' అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. వ్యాపారం తీసేస్తే ఈ వంటకమే మిగలదు.

ఇక డిన్ తై ఫుంగ్. దీన్ని చైనా హోటలు అనడంలోనే కొంత తొందరపాటుంది. ఇది తైవాన్ హోటలు. స్థాపకుడు యాంగ్ బింగ్‌యీ షాంఘైవాడు కూడా కాదు. ఉత్తర చైనాలో షాన్షీ ప్రాంతంలో 1927లో పుట్టాడు. అంతర్యుద్ధం ముదిరిన రోజుల్లో, 1948లో, తైవాన్ చేరాడు. 1958లో తైపేలో భార్యతో కలిసి వంటనూనె కొట్టు పెట్టాడు. ఆ తర్వాత డబ్బాల్లో నూనె వచ్చి విడినూనె బేరం పడిపోయింది. 1972 ప్రాంతంలో, పరిచయం ఉన్న హోటలు యజమాని సలహా మీద, కొట్టులో సగం జాగాలో షావ్‌లాంగ్‌బావ్ ఆవిరి పట్టడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు నూనె పోయింది, ఇది మిగిలింది. 1949 ముందువెనకల ప్రధాన భూభాగం నుంచి తైవాన్‌కు తరలివచ్చిన లక్షల జనంలో షాంఘై వంటవాళ్లూ ఉన్నారు, షాంఘై రుచి కోసం మొహం వాచిన తిండిప్రియులూ ఉన్నారు. ఊరు పోయినవాళ్లు ఊరి రుచిని చేతిలో పట్టుకుని పోతారు. ఈ కుడుము అలా సముద్రం దాటింది.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1993లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రపంచంలో చెప్పుకోదగ్గ పది హోటళ్ల వరసలో దీన్ని చేర్చింది. 1996లో టోక్యోలో, 2000లో లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆర్కేడియాలో, 2010లో బెల్‌వ్యూలో శాఖలు వెలిశాయి. హాంకాంగ్ శాఖకు మిషెలిన్ నక్షత్రం కూడా వచ్చింది. యాంగ్ 2023లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అంటే షాన్షీ మనిషి, నూనె కొట్టు, షాంఘై వంటకం, తైపే వీధి, అమెరికా పత్రిక, ఇవన్నీ కలిస్తే ఈ హోటలు. ఇందులో 'అసలు' ఎక్కడుందో గీత గీసి చూపించమంటే, చూపిస్తానన్నవాడి మాట నమ్మకండి.

సందుల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వాదానికి ప్రాణం అక్కడే ఉంది. షాంఘైలో హువాంగ్‌హె రోడ్డు మీద జియా జియా తాంగ్ బావ్ అనే చిన్న దుకాణం ఉంది. సందు పక్షం వాళ్లకు అది గుడితో సమానం. అక్కడికి వెళ్తే ఏం కనబడుతుంది? క్యూ. లోపల వరసగా నిలబడి ఆర్డరు వచ్చాకే మడిచి ఆవిరి పెట్టే ఆడవాళ్లు. సరుకు అయిపోతే అయిపోయినట్టే. మాల్‌లో నవ్వు తెప్పించిన క్యూ ఇక్కడ భక్తి ఎలా తెప్పించింది? నేల కాస్త జిడ్డుగా ఉంటే క్యూకి పవిత్రత వస్తుందా? ఇది రుచి విచారణ కాదు, పేదరికాన్ని అలంకారంగా చూసే యాత్రికుడి బలహీనత. ఆ దుకాణం బాగుంటుంది, సందేహం లేదు. బాగుండడానికి కారణం మాత్రం సందులో ఉండడం కాదు. ముందుగా ఆవిరి పట్టి పక్కన పెట్టకపోవడం. మాల్‌లో ఉన్నదీ సరిగ్గా అదే పని చేస్తోంది.

పైగా 'అసలు' అనేది ఒకటైతే కదా! షాంఘైకి రైల్లో దగ్గర్లోనే ఉన్న వూషీ వెళ్తే అక్కడి షావ్‌లాంగ్‌బావ్ పెద్దది, ముదురు రంగు రసం, నోరు తీపెక్కేంత చక్కెర. వూషీ వాడికి షాంఘైది చప్పిడి, షాంఘైవాడికి వూషీది మిఠాయి. యాంగ్‌జీ నది ఒడ్డున జింగ్‌జియాంగ్ వెళ్తే పళ్లెమంత బన్ను తెచ్చి గొట్టం ఇస్తారు, పీతగుజ్జు కలిసిన రసం పీల్చుకోవడానికి. ఉత్తరాన కైఫెంగ్‌లో ఇంకో రకం, దానికి పాత రాజధాని అభిమానం. వీటిలో ఏది తింటే అసలు తిన్నట్టు? షాంఘైలో ఉండే అమెరికన్ రచయిత క్రిస్టఫర్ సెయింట్ కావిష్ 2015లో ఒక విచిత్రమైన పని చేశాడు. ఒక్క షాంఘైలోనే 52 దుకాణాలు తిరిగి, కత్తెరతో కుడుములు కోసి, రసం ఒకచోట, మాంసం ఒకచోట తూచి, పొర మందాన్ని కొలత పరికరంతో కొలిచి పట్టిక వేశాడు. సగం పరిహాసంగా చేసిన పనే. కానీ 'మా సందులోదే గొప్ప' అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లందరికంటే అతను ఈ వంటకాన్ని ఎక్కువ గౌరవించాడని నా అభిప్రాయం. పొర పల్చదనం, రసం పాలు, మాంసం పాలు అనేవి కొలవదగిన సంగతులని, వీధి పేరు కొలత కాదని అతను ఒప్పుకున్నాడు.

'చైనావాళ్లే ఈ హోటలుని పట్టించుకోరు, చూడలేదా, బీజింగ్‌లో మూసేశారు' అని ఇంకో మాట. 2024లో బీజింగ్ సహా ఉత్తర చైనాలో 14 శాఖలు మూతపడ్డ మాట నిజం. అక్కడి కంపెనీ వ్యాపార అనుమతి గడువు తీరిందని, కొనసాగింపు మీద బోర్డులో ఏకాభిప్రాయం కుదరలేదని సంస్థే ప్రకటించింది. షాంఘై వైపు శాఖలు వేరే యాజమాన్యం కింద నడుస్తూనే ఉన్నాయి. బోర్డురూం తగాదాని నాలుక తీర్పుగా చదివితే ఎట్లా?

మోమో దగ్గరికి వద్దాం. హైదరాబాదులో సాయంత్రంపూట మోమో బండి లేని కూడలి దాదాపు లేదిప్పుడు. అందుకే మనవాళ్లకు ఆవిరి మీద ఉడికిన మడతల పిండి ఏది కనబడినా అది మోమోయే. క్యూలో కూడా వినబడుతుంది, "అన్నా, ఇది మన మోమోనే కదా, దీనికి ఇంతసేపా?" అని. టిబెట్, నేపాల్ వైపు నుంచి వచ్చిన మోమోని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చలిలో మంచి మోమోకి సాటి తక్కువ. కానీ మోమోలో ఉండే తడి మాంసంలోంచి, ఉల్లిలోంచి ఊరిన తడి. పొర కాస్త మందంగా, నమలడానికి వీలుగా ఉంటుంది. రుచిలో పెద్ద వాటా ఎర్రచట్నీది. సూప్‌తో తినాలనుకుంటే నేపాలీలు ఝోల్ మోమో చేసుకుంటారు, అందులో సూప్ గిన్నెలో ఉంటుంది, మోమో దాంట్లో తేలుతుంది. షావ్‌లాంగ్‌బావ్‌లో సూప్ లోపల ఉంటుంది, గిన్నె పిండితో చేసినది, ఆ గిన్నె మందం కాగితంకంటే కాస్త ఎక్కువ. రెండింటికీ మడతలుంటాయి కాబట్టి రెండూ ఒకటే అంటే, కుట్లున్నాయి కాబట్టి గోనెసంచీ, జుబ్బా ఒకటేనన్నంత వాదం.

ఆ లోపలి సూప్ మీద అపోహలు ఇంకా ఘనమైనవి. సిరంజితో ఎక్కిస్తారని నమ్మేవాళ్లు ఉన్నారు, చదువుకున్నవాళ్లే. మన కాకినాడ గొట్టం కాజాలో పాకం వేయించాక బయటి నుంచి లోపలికి పోతుంది, అది మనకు తెలుసు. ఇక్కడ అలా లోపలికి పోయేది ఏదీ లేదు, మూత వేసేటప్పటికే అంతా లోపల ఉంటుంది, కాకపోతే గట్టిగా ఉంటుంది. పంది చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు దండిగా ఉంటుంది. నీళ్లలో చాలాసేపు ఉడికితే అది జెలటిన్‌గా మారి నీళ్లలో కలిసిపోతుంది. చల్లబడగానే మొత్తం గడ్డకట్టి, చాకుతో కోసేటట్టు అవుతుంది. ఆ ముక్కల్ని మాంసంలో కలిపి చల్లగా ఉండగానే పొరలో పెట్టి మూస్తారు. ఈ గడ్డ 35 డిగ్రీల దగ్గరే కరిగిపోయే రకం. ఆవిరి 100 డిగ్రీలు. బుట్ట పొయ్యి మీదికి ఎక్కిన కాసేపట్లో లోపలి గడ్డ మళ్లీ రసమై, మాంసం వదిలిన రసంతో కలిసి, పొర గోడల మధ్య నిలబడుతుంది. గారడీ అంటే అది ఉష్ణోగ్రత చేసిన గారడీ. ఎండాకాలంలో ఈ పని ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి. కూరేవాళ్ల చేతివేడికే గడ్డ కరగడం మొదలైతే మాంసం జారుతుంది, అంచు తడుస్తుంది, తడిసిన అంచు అతుక్కోదు.

మన శాకాహారులకు ఇక్కడే ఒక ఫిర్యాదు ఉంది, అది వినదగ్గదే గానీ తప్పు చిరునామాకు వెళ్తోంది. 'వెజ్ తెప్పించుకుంటే సూప్ లేదు, మోసం' అంటారు. కూరగాయలూ పుట్టగొడుగులూ కూరినవాటిలో సూప్ ఉండదు, ఉంటుందని హోటలు చెప్పనూ లేదు. జెలటిన్ చర్మం నుంచో ఎముకల నుంచో రావాలి, మొక్కలు ఇవ్వవు. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ అగర్‌తో ప్రయత్నించేవాళ్లున్నారు. అది కరగడానికి 85 డిగ్రీల దాకా కాగాలి, 40 దాటి కిందికి దిగేసరికి మళ్లీ గడ్డకడుతుంది. నోట్లో జిగురుగా పరుచుకునే ఆ చిక్కటి రసం అది ఇవ్వలేదు. దీనికంటే ముఖ్యమైన హెచ్చరిక వేరే ఉంది. పంది మాంసం ముట్టనివాళ్లు 'రొయ్యలది కదా', 'పీతది కదా' అని ధీమాగా తినేస్తుంటారు. మామూలుగా ఆ రెండిటిలోనూ పంది మాంసం ఉంటుంది, రొయ్యా పీతా దానికి తోడు. అమెరికా శాఖల్లో కోడిమాంసంది వేరే దొరుకుతుంది, అయినా అడిగి తినడం మేలు. ఈ సంగతి చెప్పకుండా ఊరికే అద్భుతం అని సిఫార్సు చేసే మిత్రుల మీద నాకు విమర్శకుల మీదకంటే ఎక్కువ కోపం.

ఇక మడతలు. డిన్ తై ఫుంగ్ లెక్క ప్రకారం పొర 5 గ్రాములు, లోపలి సరుకు 16 గ్రాములు, మొత్తం 21 గ్రాములు, మడతలు 18. ఈ అంకెలు వినగానే 'యంత్రంలా చేస్తున్నారు, కళ ఎక్కడుంది' అంటారు. కళ అంటే తోచినట్టు చేయడం అనుకునేవాళ్ల మాట అది. సంగీతం నేర్చుకున్నవాళ్లను అడగండి, తాళం తప్పడం కళో కాదో చెబుతారు. ఒత్తేటప్పుడు పొరను నడుమ కొంచెం మందంగా, అంచు బాగా పల్చగా ఒత్తుతారు. నడుమ భాగం అడుగున పడి రసం బరువు మోస్తుంది. అంచు పైన చేరి మడతలై ఒకదాని మీద ఒకటి పడుతుంది. మడతలు తక్కువైతే ఒక్కొక్కటీ లావుగా వచ్చి, పైన ముడి దగ్గర ఉడకని పిండి ముద్ద మిగులుతుంది. మరీ ఎక్కువ చేయబోతే పొర చిరుగుతుంది. మడతలు సమంగా పడితే లాగుడు అన్నివైపులా ఒకేలా ఉంటుంది, చాప్‌స్టిక్‌తో ముడి దగ్గర పట్టుకుని ఎత్తినప్పుడు బరువంతా ఒక్కచోట పడి చిరగదు. 18కి బదులు 17 ఉంటే కొంప మునగదు, నిజమే. ఆ అంకెను గోడల మీద రాసుకోవడంలో ప్రచారం ఉంది, అద్దాల వెనక తెల్ల దుస్తుల్లో మడిచేవాళ్లను నిలబెట్టడంలో ప్రదర్శన ఉంది. అయితే ప్రదర్శించిన పని అబద్ధపు పని అయిపోదు. ఆ అద్దాల వెనక పనిని కాసేపు చూస్తే తెలుస్తుంది, అక్కడ ఎవరూ నటించడం లేదు. ఒకరు తుంచుతారు, ఒకరు తూస్తారు, ఒకరు ఒత్తుతారు, కూరి మడిచేవాళ్లు వేరే. తల ఎత్తి మనకేసి చూసే తీరిక కూడా వాళ్లకు ఉండదు.

క్యూ నాటకం అనే ఆరోపణకి జవాబు కూడా ఆ పొరలోనే ఉంది. ఆవిరి దిగిన షావ్‌లాంగ్‌బావ్ ఆయుష్షు చాలా చిన్నది. పక్కన పెడితే పొర లోపలి రసాన్ని తాగేయడం మొదలుపెడుతుంది. అడుగు నానుతుంది, పైభాగం ఎండుతుంది, బుట్ట గుడ్డకు అతుక్కుంటుంది, ఎత్తగానే చిరిగి రసం కారిపోతుంది. బిరియానిలా పొద్దున దమ్ము పెట్టి మధ్యాహ్నం దాకా వడ్డించే వీలు లేదు. పచ్చివి కూడా మడిచి ఎక్కువసేపు బయట ఉంచలేరు, గడ్డ కరిగి పిండిని నానబెడుతుంది. అంటే మడవడం, ఉడకడం, తినడం ఒకదాని వెంట ఒకటి గొలుసుగా జరగాలి. అలాంటి తిండికి జనం ఎక్కువైతే క్యూ తప్పదు. క్యూ లేకుండా చేయాలంటే రెండే దారులు, ముందే ఉడికించి దీపాల కింద పెట్టడం, లేదా జనం రావడం మానేయడం. మొదటిది చేసిన హోటళ్లున్నాయి, వాటి ముందు క్యూ లేదు. బయట నిలబడి ఉండగానే చీటీ చేతికిచ్చి కావలసినవాటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టమనడం కూడా ఈ గొలుసులో భాగమే. మనం కుర్చీలో కూర్చునేసరికి లోపల ఆవిరి లేచి ఉంటుంది.

'ఫ్రీజర్‌లోవి కొనుక్కుని ఇంట్లో ఆవిరి పెట్టుకుంటే సరిపోదా' అని కొందరు. పచ్చివి గడ్డకట్టించి అమ్మేవి అమెరికా సూపర్‌మార్కెట్లలో చాలానే వచ్చాయి, కొన్ని ఫర్వాలేదు. సూప్ సిరంజితో ఎక్కించరని రుజువు కావాలంటే అవే పెద్ద రుజువు, గట్టి గడ్డగా ఇంటికొచ్చి మన పొయ్యి మీద రసమవుతాయి. అయితే ఫ్రీజర్‌లో బతకాలంటే పొర కాస్త మందంగా ఉండక తప్పదు. ఆ తేడా తెలియనివాళ్లకు అవి చాలు, అందులో సిగ్గుపడవలసింది లేదు.

అజినోమోటో మాట ఎత్తకుండా ఈ చర్చ ఎక్కడా ముగియదు. 'చైనా తిండి తింటే తల పట్టేస్తుంది' అని. 1968లో ఒక వైద్యుడు అమెరికాలో ఒక వైద్యపత్రికకు ఉత్తరం రాశాడు, చైనా హోటళ్లలో తిన్నాక మెడ దగ్గర తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని, కారణం ఇదీ కావచ్చు అదీ కావచ్చు అని కొన్ని అనుమానాలు చెబుతూ. వాటిలో అజినోమోటో అన్న ఒక్క అనుమానాన్ని ఏరుకుని దానికి ఒక జాతి పేరు తగిలించి రోగం చేశారు. ఆ తర్వాత తినేవాడికీ పెట్టేవాడికీ ఏది ఏదో తెలియకుండా జరిపిన పరీక్షల్లో ఆ రోగం నిలకడగా కనబడలేదు. అజినోమోటోలో ఉండే గ్లుటమేటే పండిన టమాటాలోనూ, ముదిరిన చీజ్‌లోనూ ఉంది, పప్పుచారు తిని మెడ పట్టేసిందన్నవాళ్లు నాకింకా తగల్లేదు. 1908లో జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఇకెడా సముద్రపు నాచు చారులోంచి దాన్ని వేరుచేశాడు. మనం మూలమలుపు ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర దాన్ని దెయ్యాన్ని చేశాం.

రుచి విషయంలో మనవాళ్ల తీర్పు ఒక్క మాటలో ఉంటుంది, చప్పగా ఉందని. ఆ వెంటనే మిరపనూనె సీసా వంగుతుంది. మిరపనూనె చెడ్డదని కాదు. కానీ ముందు పెట్టిన సన్నటి అల్లం తరుగు, నల్లటి వెనిగర్ అలంకారానికి పెట్టినవి కావు. ఆ వెనిగర్ జెన్‌జియాంగ్ వైపు జిగురుబియ్యంతో చేసేది, పులుపు మొదట, వెనక సన్నటి తీపి. కొవ్వున్న రసాన్ని ఆ పులుపు కోస్తుంది, అల్లం మాంసపు వాసనను సర్దుతుంది. పులుపూ అల్లమూ తెలియని జాతి కాదు మనది, నాలుక్కి ఆ రెంటినీ గుర్తుపట్టే అవకాశం ఇవ్వకుండా మిరపతో మూసేస్తున్నాం, అంతే.

తినే తీరు కూడా తీర్పును చెడగొడుతోంది. బుట్టలోనే చాప్‌స్టిక్‌తో పొడిచి, రసం ధారగా కారుతుంటే వీడియో తీసి, మిగిలిన తొక్కా మాంసమూ తిని 'ఇందులో ఏముంది' అనేవాళ్లున్నారు. ఏమీ లేదు, ఉన్నదంతా గుడ్డ మీద పారబోశారు. ఇంకొందరు మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని నాలుక కాల్చుకుంటారు, లోపలి రసం మరుగుకి దగ్గర్లో ఉంటుందని తెలియక. ముడి దగ్గర పట్టుకుని మెల్లగా ఎత్తి, చెంచాలో దించుకుని, పక్కన చిన్నగా కొరికి, ఆవిరి పోనిచ్చి, రసం ఒక గుక్క పీల్చుకుని, అల్లం వెనిగర్ వేసుకుని మిగతాది నోట్లో వేసుకోవాలి. దీనికి పెద్ద సంప్రదాయజ్ఞానం అక్కర్లేదు, నోరు కాలకుండా ఉండాలన్న కోరిక చాలు.

ఇంతా చెప్పి ఈ హోటలుని భుజాన ఎత్తుకుంటున్నానని అనుకోవద్దు. ధర మీద పోట్లాడండి, పిండీ మాంసమూ అల్లమూ కలిసి అంత అవడానికి సగం మాల్ అద్దె, ఒక వాటా పేరు. పీతగుజ్జుది యాంగ్‌చెంగ్ సరస్సు ప్రాంతంలో చలి మొదలయ్యే రోజుల్లో తినవలసిన తిండి, దాన్ని పన్నెండు నెలలూ జాబితాలో పెట్టి అధిక ధరకు అమ్మడం మీద పోట్లాడండి. వేయించిన అన్నం, నూడుల్సు, చాక్లెట్ కూరిన తీపి కుడుములు చేరి జాబితా చేంతాడంత అవడం మీద పోట్లాడండి. ఆ చాక్లెట్‌వి నా మటుకు దండగ. జనం కళ్లు మీ కుర్చీ మీదే ఉండడం వల్ల కబుర్లు చెప్పుకుంటూ తినే వీలు లేకపోవడం మీద కూడా పోట్లాడవచ్చు, టీ దుకాణంలో తీరిగ్గా తినవలసిన తిండికి ఆ తీరుబడి పోవడం నిజమైన నష్టమే. ఇవేవీ మోమోతోనూ సందుతోనూ సంబంధం ఉన్నవి కావు.

నాలుగు బుట్టలు ఒకేసారి తెప్పించుకుని, మాటల్లో పడి, నాలుగోది అతుక్కుపోయి చిరిగిందని ఆగ్రహించేవాళ్లు ఇంకా మిగిలారు. వాళ్లకు ఖండన అక్కర్లేదు, రెండు తిన్నాక మిగతా రెండూ ఆర్డరు ఇవ్వచ్చని చెబితే సరిపోతుంది.